ఎనిమిదో మెషిను

ఆ బస్సు డిపోలో ‘షెడ్యూలు’ అన్న మాట వాడనివాడు లేడు. దానికి అర్థమేమిటని అడిగితే మాత్రం పదిమంది పది రకాలుగా చెబుతారు. డ్రైవర్లకి షెడ్యూలంటే పొద్దున్నే గేటు దాటింది మొదలు మళ్లీ గేటు లోపలికి వచ్చేదాకా తిప్పాల్సిన బండి. "నీదే షెడ్యూలు?" అంటే "పద్నాలుగు" అని నంబరు చెబుతారు. కండక్టర్లకి షెడ్యూలంటే ఇవాళ క్యారియరు ఎక్కడ విప్పుతాం అన్న లెక్క. కడుపు పాడైనవాడు "షెడ్యూలు తప్పింది గురూ" అంటూ పొట్ట పట్టుకుని పరిగెడతాడు. కొత్తగా పెళ్లయినవాడు సెలవడిగితే "ఇంటి షెడ్యూలు టైటుగా ఉందట పాపం" అని మిగతావాళ్లు ఇకిలిస్తారు. ఇన్ని అర్థాలకీ యజమాని ఒక్కడే. ఆయన్ని అందరూ చార్టు మాస్టారు అంటారు.

రేపు ఏ బండి ఎవరు తోలాలి, ఎవరు టిక్కెట్లు కొట్టాలి, ఎవరికి సెలవు, ఎవరు ఖాళీగా కూర్చుని పిలుపు కోసం ఎదురు చూడాలి అన్నది రోజూ మధ్యాహ్నం నాలుగింటికల్లా బోర్డు మీద అతికించడం ఆయన పని. నలభై ఆరు బళ్లు, రెండు వందల చిల్లర మనుషులు. ఇరవై రెండేళ్లుగా ఆ చార్టు వేసింది ఆ చెయ్యే. అక్షరాలు అచ్చు వేసినట్టు ఉంటాయి. గడిలో పేరు పడిందంటే అది ఇక కదలదు. "మాస్టారూ, రేపు మా బావమరిది నిశ్చితార్థం, కొంచెం సర్దండి" అంటే, కళ్లద్దాల పైనుంచి చూసి, "నిన్నొక్కణ్ణి కదిపితే పదిమంది కదలాలి నాయనా. నీ బావమరిదికి నేను శత్రువుని కాదు, చార్టుకి కాపలావాణ్ణి" అనేవాడు. జనం తిట్టుకుంటూ వెళ్లేవాళ్లు. కానీ ఎవరికీ అన్యాయం చేశాడన్న మాట లేదు. తన తమ్ముడి కొడుకు అదే డిపోలో కండక్టరుగా చేరితే వాడికి మంచి రూట్లు అన్నిటికంటే చివర పడేవి. వాడు ఇప్పటికీ మాట్లాడడు.

డిపోలో నలభై ఏడో బండి ఒకటుంది. అది స్పేరు బండి. ఏ బండి దారిలో ఆగిపోయినా అది వెళ్లి అందుకోవాలి. అందాకా షెడ్డులో ఊరికే నిలబడి ఉంటుంది. ఊరికే నిలబడ్డదాన్ని చూస్తే లోకానికి కన్ను కుడుతుంది కదా, ప్రతివాడికీ ఆ బండి కావాలి. ఒకసారి డిపో మేనేజరే వచ్చి, తన చుట్టాల పెళ్లికి ఒక్క పూట స్పేరు బండి పంపమన్నాడు. మాస్టారు సరేనని గానీ కాదని గానీ అనలేదు. తాళంచెవి తీసి తన క్యారియరు గిన్నెలో వేసుకుని, మూత బిగించి, ఆ గిన్నె ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. ఆ రోజే మూడో నంబరు బండి బ్రేకులు పట్టక మధ్య దారిలో ఆగింది, స్పేరు వెళ్లి జనాన్ని ఇళ్లకి చేర్చింది. మేనేజరు మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ తాళంచెవి కథ కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే చెబుతారు.

ఇంట్లో ఇద్దరే, ఆయనా ఆయన భార్యా. పిల్లల్లేరు. ఆవిడ నోరున్న మనిషి. "మా ఆయన దగ్గర నేనూ ఒక షెడ్యూలునే. వీపు మీద నంబరు రాయలేదు, అంతే" అని పక్కింటివాళ్లని నవ్వించేది. ఆయన కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా టైము చూసుకునే రకం. ఇద్దరికీ కుదిరింది. అలా కుదిరిన కాపురంలో ఆవిడకి నలభై తొమ్మిదో ఏట కాళ్లు వాచాయి. ఎక్కువసేపు నిలబడ్డం వల్లనుకున్నారు. తర్వాత మొహం వాచింది. పరీక్షలు చేయించేసరికి కిడ్నీలు రెండూ దాదాపు పోయాయన్నారు. వారానికి రెండుసార్లు మెషిను మీద పడుకోబెట్టి, నాలుగేసి గంటలు రక్తం కడిగితేనే మనిషి ఉంటుంది.

అక్కడ, ఆ పెద్దాసుపత్రి వెనక డయాలిసిస్ సెంటరులో, మాస్టారికి తన మాటే ఎదురైంది. వరండాలో బెంచీ మీద కూర్చున్న ఒక ముసలాయన పలకరింపుగా అడిగాడు: "మీకు షెడ్యూలు దొరికిందా?"

ఇరవై రెండేళ్లు ఆ మాట తిన్నాడు, తాగాడు, ఆ మాట మీద బతికాడు. కానీ ఆ అర్థంలో వినడం అదే మొదలు. అక్కడ షెడ్యూలంటే బతకడానికి చోటు. లోపల ఎనిమిది మెషిన్లు. ఒకటి స్పేరుగా పక్కన ఉంటుంది, ఏడు నడుస్తాయి. పొద్దున ఒక బ్యాచి, మధ్యాహ్నం ఒక బ్యాచి, సాయంత్రం ఒక బ్యాచి. ఒక్కొక్కరికి వారంలో రెండు రోజులు. ఎలా లెక్కేసినా అరవై ముగ్గురు. బయట కాచుకున్నవాళ్లు పంతొమ్మిది మంది. జబ్బు ముదిరినదాన్ని బట్టి డాక్టర్లు వేసిన ఆ వరసలో మాస్టారి భార్య పేరు ఆరోది. లోపలున్నవాళ్లలో ఒకరికి కొత్త కిడ్నీ అయినా దొరకాలి, లేదా ఒకరు పోనైనా పోవాలి, అప్పుడు మొదటి పేరు లోపలికి వెళ్తుంది. కొత్త కిడ్నీ ఎవరికి దొరుకుతుంది చెప్పండి. బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా మంచివాళ్లే. కానీ పొద్దున్నే రాగానే అందరి కళ్లూ ముందు వెళ్లేది లోపలి మంచాల వైపే, ఎవరు రాలేదా అని.

ఎవరైనా ఆ పూట రాకపోతే బెంచీ మీద ఉన్నవాళ్లలో ఒకరిని పిలుస్తారు. అందుకని భార్యని తీసుకుని రోజూ వెళ్లి కూర్చోవాలి. "మీరు నన్ను స్పేరు చేసేశారండీ" అంది ఆవిడ మొదటి రోజు నవ్వుతూ. ఆయనకి నవ్వు రాలేదు. ఎంతమంది కండక్టర్లని అలా స్పేరు బెంచీ మీద రోజంతా కూర్చోబెట్టాడో ఆయనకి ఆ పూట లెక్క గుర్తొచ్చింది. ఒక వారం రెండుసార్లు పిలిచారు. ఇంకో వారం ఒక్కసారే. ఒకసారి తొమ్మిది రోజులు వరసగా పిలుపు రాలేదు. ఆ తొమ్మిది రోజుల్లో ఆవిడ పడుకోలేకపోయింది, పడుకుంటే ఊపిరాడదు. గోడకి దిండు ఆనించి కూర్చుని, నోరు తెరిచి గాలి పీల్చేది. మాస్టారు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఆవిడ ఊపిరి లెక్కపెట్టేవాడు. తొమ్మిదో రోజు ఆవిడ, "ఏవండీ, నాకు భయంగా ఉంది" అంది. పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది, ఆ మాట ఆవిడ నోటి నుంచి ఎప్పుడూ వినలేదు.

బెంచీ మీద ఆవిడకి తోడు దొరికింది ఒక టైలరమ్మ. స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది, నలభై దాటి ఉండవు. మూడో మెషిను మీద బుధ, శని మధ్యాహ్నం బ్యాచి ఆవిడది. రెండేళ్లుగా అదే. తన బ్యాచికి గంట ముందే వచ్చి బయట బెంచీ మీదున్నవాళ్లతో కబుర్లాడేది. "నాకు రెండు మెషిన్లు వదినా. ఇంటి దగ్గర మెషిను నేను తొక్కుతా, ఇక్కడ మెషిను నన్ను తొక్కుతుంది" అనేది. దాహం వేస్తే నీళ్లు తాగకుండా ఐసుముక్క బుగ్గన పెట్టుకోవడం, రోజు మొత్తానికి కొలిచిన నీళ్లు ఒక సీసాలో పోసుకుని అందులోనే సరిపెట్టుకోవడం, అన్నీ ఆవిడే నేర్పింది. లోపల ఏసీ చలికి అందరూ స్వెట్టర్లు వేసుకుంటారు, సూది గుచ్చడానికి చెయ్యి పైకి మడవాలంటే నరకం. టైలరమ్మ ఒకరోజు వదినగారి స్వెట్టరు అడిగి తీసుకెళ్లి, ఎడమ చెయ్యి నిలువునా కత్తిరించి, అంచు కుట్టి, టిచ్ బటన్లు పెట్టి తెచ్చింది. టిక్ టిక్ మని విప్పితే చెయ్యి బయటికి వస్తుంది. "నీకు షెడ్యూలు దొరికాక వేసుకో వదినా. అందాకా దాచుకో" అంది.

మాస్టారు ఊరుకుంటాడా మరి. ఆ సెంటరు రిజిస్టరు అడిగి తీసుకుని తిరగేశాడు. కొట్టివేతలు, బాణం గుర్తులు, ఒకే గడిలో ఇద్దరి పేర్లు. దాన్ని నెత్తిన మోస్తున్నది ఒక సీనియర్ టెక్నీషియన్, చిన్న వయసు అమ్మాయే, కళ్ల కింద నల్లగా గుంటలు. "అమ్మా, నాకు రెండు రోజులు టైమివ్వు. నీకు చార్టు వేసిస్తా" అన్నాడు. ఆ అమ్మాయి కాదనలేదు. నీళ్లలో మునిగేవాడు గడ్డిపోచ కూడా వదలడు.

ఆయన గ్రాఫు కాగితం మీద వేశాడు. పొద్దున బ్యాచికి పచ్చ, మధ్యాహ్నానికి పసుపు, సాయంత్రానికి నీలం. వేసుకుంటూ పోతుంటే మూల గుడ్డ కప్పి ఉన్న ఎనిమిదో మెషిను దగ్గర ఆయన పెన్సిలు ఆగింది.

"ఇది కిందటేడాది ఎన్ని రోజులు నడిచిందమ్మా?"

"అది స్పేరు కదా మాస్టారూ. ఏదైనా ఆగితేనే తీస్తాం." రిజిస్టరు తిరగేసి చెప్పింది. "పదకొండు రోజులు."

"పదకొండు రోజుల కోసం మిగతా ఏడాదంతా గుడ్డ కప్పుకుని కూర్చుందన్నమాట. బయట పంతొమ్మిది మంది గుడ్లప్పగించి చూస్తుంటే."

వినండి, ఈ మాట అన్నది ఎవరు? స్పేరు బండి తాళంచెవి అన్నం గిన్నెలో దాచిన మనిషి. పక్కన ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే ఆయనే గంటసేపు క్లాసు పీకేవాడు. కానీ భార్య ఊపిరి లెక్కపెట్టిన రాత్రులు తొమ్మిది ఆయన లోపల కూర్చుని ఉన్నాయి. కంచే చేను మేసిందంటే ఇదే. అలాగని ఆయన దొంగపని చేశాడని నేననను. ఎనిమిదో మెషిను నడిస్తే తొమ్మిది మందికి కొత్తగా చోటొస్తుంది. వరసలో మొదటి తొమ్మిది మందే వస్తారు. ఆరో పేరు భార్యది. వరస తప్పించలేదు, ఎవరినీ తోసెయ్యలేదు. లెక్క నిజమే. ఆ నిజమైన లెక్కే ఆయన కొంప ముంచింది.

పెద్ద డాక్టరు గారు చార్టు చూసి మెచ్చుకున్నారు. ఒక్క ప్రశ్న మాత్రం అడిగారు: "ఏదైనా మెషిను ఆగిపోతే?"

మాస్టారికి ఆ ప్రశ్నకి డిపోలో ఇరవై రెండేళ్ల జవాబుంది. స్పేరు కూడా రోడ్డు మీద ఉన్నప్పుడు ఇంకో బండి ఆగితే, ఆ బండి ట్రిప్పు మటుకే రద్దు. మిగతా బళ్లని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే సాయంత్రానికి డిపో మొత్తం తలకిందులవుతుంది. ఆయన పెన్ను తీసి చార్టు అడుగున తన అచ్చుల్లాంటి అక్షరాలతో రాశాడు: ‘ఆగిన మెషిను వారే ఆగవలెను. ఇతరుల షెడ్యూలు కదపరాదు.’ డాక్టరు గారు చదివి, "క్లియర్‌గా ఉంది" అని కింద సంతకం పెట్టారు. దాన్ని ప్లాస్టిక్ వేయించి గోడకి కొట్టారు. పేర్లు మాత్రం మీద మార్కరుతో రాసుకునేట్టు, తుడుచుకునేట్టు. బస్సు ఆగితే జనం అరగంట తిట్టుకుంటూ నిలబడతారు, వెనక ఇంకో బస్సు వస్తుంది. మూడో మెషిను వెనక ఇంకో మెషిను రాదన్నది ఆ సంతకాలయ్యే వేళ గదిలో ఎవరికీ తట్టలేదు.

మొదటి బుధవారం భార్య టిచ్ బటన్ల స్వెట్టరు వేసుకుని ఎనిమిదో మెషిను మీద పడుకుంది. ఐదు మంచాల అవతల మూడో మెషిను మీద టైలరమ్మ. "వచ్చావా వదినా, మొత్తానికి సొంత ఇల్లు దొరికింది నీకు" అని అక్కడి నుంచే పలకరించింది. ఆ నెలా పై నెలా మాస్టారి ఇంట్లో మళ్లీ మాటలు వినపడ్డాయి. భార్య పడుకుని నిద్రపోతోంది. మొహం వాపు దిగింది. "మీ చార్టు మహిమ" అంది ఒకరోజు, వేళాకోళం లేకుండా. డిపోలో కూడా ఆయన ఈల వేస్తున్నాడని చెప్పుకున్నారు. నమ్మినవాళ్లు తక్కువ.

మూడో నెలలో ఒక మంగళవారం మూడో మెషిను ఆగింది. లోపల ఏదో పంపు కాలిందన్నారు. కంపెనీవాళ్లు పార్టు పంపాలి, వారం పట్టొచ్చు. ఆ మంగళవారం సాయంత్రం బ్యాచి మనిషి గోడ మీద ఏం రాసి ఉందో చదువుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు బుధవారం. మాస్టారికి వారపు సెలవు కాబట్టి భార్యతోనే ఉన్నాడు. వెళ్లేసరికి బయట బెంచీ మీద, ఒకప్పుడు తన భార్య కూర్చున్న చోటే, టైలరమ్మ కూర్చుని ఉంది. కాళ్లు చెప్పుల్లోంచి పొంగుకొచ్చి ఉన్నాయి. ఆ పూట రానివాళ్లెవరూ లేరు. చార్టు అంత గట్టిగా ఉంది.

"ఏంటి వదినా, మన ఇళ్లు తారుమారయ్యాయి" అని నవ్వబోయి దగ్గింది.

మాస్టారి భార్య లోపలికి వెళ్లింది, మంచం మీద పడుకోలేదు. అంచున కూర్చుని టెక్నీషియన్ అమ్మాయిని పిలిచింది. "అమ్మా, నాకు రెండు గంటలు చాలు ఇవాళ. మిగతా రెండు గంటలు ఆవిడకియ్యి. అసలు లేకపోవడం కంటే నయం కదా?"

ఆ అమ్మాయి గడియారం చూసింది, చార్టు చూసింది, మాస్టారి వైపు చూసింది. "మాస్టారు సరేనంటే నాకేం ఇబ్బంది లేదు. డాక్టరు గారికి నేను చెప్పుకుంటా. ఎంత తొందరపడినా మెషిను విప్పి మళ్లీ కడిగే టైము అరగంట పోతుంది, అయినా చేద్దాం."

ముగ్గురూ ఆయన వైపే చూస్తున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ టైలరమ్మతో కలిపి. అప్పుడాయన ఏమన్నాడో ఆయనకి చచ్చేదాకా గుర్తుంటుంది.

"ఒకళ్లని కదిపితే పదిమంది కదలాలి" అన్నాడు. "ఇవాళ నువ్విస్తే, శనివారం ఆ మెషినులో ఇంకొకరు అడుగుతారు. తొమ్మిది మంది ఉన్నారు దాని మీద. ఎవరికని ఇస్తావు? అందుకే కదా అక్కడ రాసిపెట్టింది." గోడ వైపు వేలు చూపించాడు.

మాటలు చార్టువి. మనసులో ఉన్నది మాత్రం ఒక్కటే, గోడకి దిండు ఆనించుకుని కూర్చున్న భార్య మొహం. రెండు గంటలు తగ్గితే మళ్లీ ఆ మొహం చూడాలేమోనని వణికిపోయాడు. ఆ వణుకుకి న్యాయం అని పేరు పెట్టి బయటికి పంపాడు. ఇరవై రెండేళ్లు న్యాయం మాట్లాడిన నోరు కాబట్టి అందరూ నమ్మేశారు.

"వద్దులే వదినా, అన్నయ్య గారు చెప్పింది నిజమే" అంది టైలరమ్మ. "శనివారానికి బాగవుతుందటగా. నేను నీళ్లు ముట్టుకోనులే, ఐసుముక్కతో గడిపేస్తా." వదిన స్వెట్టరు టిచ్ బటన్లు తనే విప్పి పెట్టి, వెళ్లిపోయింది.

శనివారానికి పార్టు రాలేదు. ఆ పూట ఆవిడ ఆసుపత్రికి వచ్చిందో లేదో మాస్టారు చూడలేదు. చూడకుండా ఉండాలని డిపోలో పని ఉందని వెళ్లిపోయాడు. సాయంత్రం భార్యని తీసుకురావడానికి వెళ్తే ఆవిడ దారంతా ఒక్క మాటే అంది: "బెంచీ మీద పడుకునుందండీ. కూర్చోలేకపోతోంది." ఆ తర్వాత టైలరమ్మని పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో చేర్చుకున్నారని సెంటరులో చెప్పారు, అక్కడా మెషిన్లు నిండి ఉన్నాయట, మందులతో నెట్టుకొస్తున్నారట. మాస్టారు బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు.

సోమవారం పొద్దున్న పది గంటలకి, ఆయన మంగళవారం చార్టు మొదలుపెట్టినప్పుడు, టెక్నీషియన్ అమ్మాయి ఫోను చేసింది. గొంతు మామూలుగానే ఉంది, అలవాటైన గొంతు. "మాస్టారూ, మూడో మెషిను బాగైంది. బుధ, శని మధ్యాహ్నం బ్యాచిలో ఖాళీ వచ్చింది. టైలరమ్మ గారు పొద్దున పోయారు. గుండె ఆగిపోయిందట. వెయిటింగులో తర్వాత పేరు మీరొచ్చి రాస్తారా, నన్ను రాసేయమంటారా? మీ అక్షరాలతో ఉంటే అందరికీ తెలుస్తుంది."

ఆ రోజు డిపోలో చార్టు అయిదింటికి గాని బోర్డెక్కలేదు. రెండు గడుల్లో ఒకే డ్రైవరు పేరు ఉంది. జనం వచ్చి చూసి, ఆయన మొహం చూసి, తమలో తామే సర్దుకున్నారు.

ఇంటికెళ్లి భార్యకి ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు. చెప్పాడు. ఆవిడ ఏడవలేదు. స్వెట్టరు తెచ్చి ఒళ్లో పెట్టుకుని టిచ్ బటన్లు ఒక్కొక్కటే పెట్టింది, ఒక్కొక్కటే విప్పింది. "అప్పుడు నేను అడిగింది రెండు గంటలేనండీ" అంది. ఆయన ఏదో చెప్పబోయాడు. నీకోసమే అన్న మాట నాలుక చివరదాకా వచ్చింది. అది నిజమే, కానీ అంతకంటే నీచమైన మాట ఇంకోటి లేదని ఆయనకే తోచి ఆగిపోయాడు.

ఎనిమిదో మెషిను మీద మళ్లీ గుడ్డ కప్పించేద్దాం అనుకున్నాడు. ఆ రోజు సాయంత్రమంతా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గుడ్డ కప్పితే తొమ్మిది మంది మళ్లీ బెంచీ మీదికి రావాలి, అందులో భార్య ఒకతె. కప్పకపోతే రేపో మాపో ఇంకో మెషిను ఆగుతుంది, దాని మీది తొమ్మిది మందిలో ఎవరు పోతారో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పచ్చ పెన్సిలు, పసుపు పెన్సిలు, నీలం పెన్సిలు మూడూ చెక్కి పెట్టుకున్నాడు గానీ, తెల్లారేదాకా కూర్చున్నా దారి దొరకదని ఆయనకి తెలుసు. ఇరవై రెండేళ్లలో ఆయన చేతికి లొంగని చార్టు అదొక్కటే.

బుధవారం వచ్చింది. మూడో మెషిను గడిలో కొత్త పేరు ఉంది, టెక్నీషియన్ అమ్మాయే రాసేసింది. కొత్త పేషెంటు భార్య మాస్టారిని చూసి లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "బాబూ, మీరేనట కదా చార్టు వేసింది. మా ఆయనకి షెడ్యూలు దొరికింది. మీ కడుపు చల్లగా ఉండాలి." ఆయన చేతులు వదిలించుకోలేక, ఉంచలేక నిలబడ్డాడు. భార్య మంచం మీద నుంచి అంతా చూసింది. మొహం గోడ వైపు తిప్పుకుంది.

సూదులు గుచ్చారు, మెషిను తిరిగింది. సరిగ్గా రెండు గంటలయ్యాక ఆవిడ టెక్నీషియన్ అమ్మాయిని పిలిచింది.

"తీసెయ్యమ్మా."

"ఇంకా రెండు గంటలుంది పిన్నిగారూ."

"తెలుసు. తీసెయ్యి. మధ్యలో ఆపాలంటే సంతకం పెట్టాలంటగా, కాగితం తే. పెడతా."

మాస్టారు మంచం దగ్గరికి వచ్చాడు. ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ పదిమంది ముందు ఆవిడ చెయ్యి పట్టుకోని మనిషి, సూది లేని చెయ్యి పట్టుకున్నాడు. "వద్దే. నీ కాళ్లు పట్టుకుంటా. చచ్చిపోతావే."

"మెల్లగా పోతానులెండి" అంది ఆవిడ. "ఆవిడలా అయిదు రోజుల్లో కాదుగా."

ఆ శనివారం అంతే. పై బుధవారం అంతే. రెండు గంటలవగానే కాగితం, సంతకం. డాక్టరు గారు వచ్చి కోప్పడ్డారు, బతిమాలారు. ఆవిడ అన్నీ విని, "రెండు గంటలు నావండీ, రెండు గంటలు కావు" అంది. పాదాలు మళ్లీ వాచడం మొదలైంది. ఇంట్లో రాత్రి పూట గోడకి దిండు మళ్లీ చేరింది. మాస్టారు ఎదుటి కుర్చీలో కూర్చుంటే, "మీరు పడుకోండి, పొద్దున్నే చార్టు వెయ్యాలి" అనేది. కోపంగా అని ఉంటే ఆయనకి ఎంతో బాగుండేది.

మూడో శనివారం, ఆవిడ సంతకం పెడుతుండగా, టెక్నీషియన్ అమ్మాయి గోడ దగ్గర నిలబడి నసిగింది. "మాస్టారూ, మీకు చెప్పాలా వద్దా అని చూస్తున్నా. బుధ, శని రెండు గంటలు ఎనిమిదో మెషిను ఖాళీగా పోతోంది. బయట ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. ఆ పెద్దాయనకి వారం దాటింది పిలుపు రాక."

తలుపులోంచి బెంచీ కనిపిస్తోంది. మొట్టమొదటి రోజు ‘షెడ్యూలు దొరికిందా’ అని అడిగిన ముసలాయనే. దొరికినవాళ్లందరినీ చూస్తూ ఆయనింకా అక్కడే ఉన్నాడు. పేరు వరసలో చివరదట పాపం, మొదటి నుంచీ.

మాస్టారు చార్టు దగ్గరికి నడిచాడు. రాస్తే ఆ గడి ఇక ఆవిడకి తిరిగి రాదు. రేపు మనసు మార్చుకుని నాలుగు గంటలు కావాలన్నా చోటుండదు. రాయకపోతే అరచేతి దూరంలో ఒక మనిషి ఊపిరికి వెతుక్కుంటూ ఉంటాడు. అప్పుడు తన చేత్తో తాను రాసిన మాటలన్నీ గోడ మీద ప్లాస్టిక్ కింద ఉన్నాయి, తుడిస్తే పోవు.

"రాయండి" అంది భార్య మంచం మీద నుంచి, స్వెట్టరు బటన్లు పెట్టుకుంటూ. "అప్పుడు రాయాల్సింది. ఇప్పుడైనా రాయండి."

ఆ అమ్మాయి మార్కరు మూత తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఎనిమిదో మెషిను వరసలో, బుధ శని మధ్యాహ్నం గడి దగ్గర, భార్య పేరు సగం దాకా తుడిచి, మళ్లీ చిన్నగా ఒక పక్కకి రాశాడు. గడి మధ్యలో స్కేలు పెట్టి గీత గీశాడు. గీతకి అవతల ముసలాయన పేరు ఎప్పటిలాగే అచ్చు వేసినట్టు రాసి, బయటికెళ్లి ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.